పెద్ద టెక్ కంపెనీలో ఏడేళ్లు: జీతానికి ఐదు స్టార్లు, నిద్రకు ఒక్కటి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మా నాయనమ్మ అనేది. కానీ ఒక పూట ఇడ్లీ తిన్న హోటల్‌కి రివ్యూ రాస్తాం, మూడు నెలలు వాడిన మిక్సీకి రాస్తాం, ఏడేళ్లకు పైగా రోజుకు పది గంటలు గడిపిన చోటుకి రాయకపోతే ఎలా? పేరు మాత్రం చెప్పను. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను, ఫ్లాటు లోను ఇంకో పదమూడేళ్లు కట్టాలి. అమెరికా కంపెనీ, హెడ్డాఫీసు వాళ్ల పశ్చిమ తీరంలో, ఇక్కడ హైదరాబాద్ పడమటి వైపు పెద్ద క్యాంపస్, వేలల్లో జనం. ఆ చుట్టుపక్కల అలాంటివి చాలానే ఉన్నాయి కాబట్టి ఏదా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, నేను చెప్పేదాంట్లో సగానికి పైగా ఎక్కడైనా అంతే.

నేను 2018లో చేరాను. అంతకుముందు నాలుగేళ్లు ఒక సర్వీస్ కంపెనీలో, అంటే క్లయింటు చెప్పింది చేసి గంటల లెక్కన బిల్లు వేసే చోట. మాది తెనాలి. ఇంటర్వ్యూ గురించి ఎక్కువ రాయను, యూట్యూబ్ నిండా అవే ఉన్నాయి. ఐదు రౌండ్లు, ట్రీలు, గ్రాఫులు (డేటాని పేర్చే పద్ధతుల మీద కోడింగ్ పజిళ్లు), ఒక డిజైన్ ప్రశ్న, "మీ మేనేజర్ మాటతో మీరు ఏకీభవించని సందర్భం చెప్పండి" లాంటివి కొన్ని. మూడు నెలలు పొద్దున్నే నాలుగున్నరకి లేచి ప్రాక్టీస్ చేశాను. చేరాక ఇప్పటిదాకా ఒక్క ట్రీని కూడా తలకిందులు చేయాల్సిన అవసరం రాలేదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఆ గుండ్రటి బిల్డింగు ఫోటో పేపర్లో పడితే నాన్న కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది, 2004లో గూగుల్ వచ్చింది, 2019లో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ పదిహేను వేల మంది పట్టే బిల్డింగు తెరిచింది. అవన్నీ నాన్నకు నోటికొచ్చు, ఆయన నడిపింది మాత్రం ఎరువుల కొట్టు. ఇరవై ఏళ్లు బీరువా తీసినప్పుడల్లా కనిపించిన ఆ ఫోటో పక్కనే నా ఆఫర్ లెటర్ ప్రింటు కూడా అంటించారు. కాబట్టి కింద నేను ఏం రాసినా ఆ బీరువాని గుర్తుపెట్టుకుని చదవండి. ఈ కంపెనీని మనస్ఫూర్తిగా తిట్టగలిగే పరిస్థితి నాది కాదు.

ముందు డబ్బు. ఐదుకు ఐదు, వాదన లేదు. నెలాఖరుకి ఠంచనుగా పడుతుంది, పాత కంపెనీలో లాగా "ఈ క్వార్టర్ ఇంక్రిమెంట్లు వాయిదా" అనే మెయిల్ ఈ ఏడేళ్లలో ఒక్కసారే చూశాను. నాన్న కొట్టు బాకీలు, చెల్లి పెళ్లి అప్పు, రెండూ మూడేళ్లలో తీరిపోయాయి. సర్వీస్ కంపెనీలో ఉండి ఉంటే ఇప్పటికీ వడ్డీయే కడుతూ ఉండేదాన్ని.

షేర్ల సంగతి మాత్రం కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. ఆఫర్‌లో కనిపించే పెద్ద అంకెలో మంచి వాటా షేర్లదే. అవి నాలుగేళ్ల మీద విడతలుగా చేతికొస్తాయి, మధ్యలో మానేస్తే మిగిలినవి పోతాయి. చేతికొచ్చిన రోజు ధర ఎంతుంటే అంతా జీతంలో కలిసి ట్యాక్స్ పడుతుంది, కంపెనీ కొన్ని షేర్లు అమ్మి ఆ ట్యాక్స్ కట్టి మిగతావి మన ఖాతాలో వేస్తుంది. ఆ తర్వాత ధర సగానికి పడిపోయినా కట్టిన ట్యాక్స్ వెనక్కి రాదు, 2022లో మా టీమ్‌లో సగం మంది ముఖాలు చూసి ఈ పాఠం నేర్చుకున్నాను. రెండేళ్లు దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, ముందే అమ్మితే మీ స్లాబు ప్రకారం. ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో ఇవి చూపించాలి, అది కూడా మన ఏప్రిల్-మార్చి లెక్కన కాదు, జనవరి-డిసెంబర్ లెక్కన. మొత్తం విలువ 20 లక్షలు దాటి, చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. ఇంకో ముక్క: అమెరికా షేర్లు 60,000 డాలర్ల విలువకు మించి మన పేరు మీద ఉండగా మనం పోతే, ఆ పైదాని మీద అక్కడి ప్రభుత్వం ఎస్టేట్ ట్యాక్స్ వేస్తుంది. ఓరియెంటేషన్‌లో రెండు రోజులు కంపెనీ విలువల గురించి చెప్పారు గానీ ఈ సంగతి చెప్పలేదు, అమీర్‌పేటలో మా ఆడిటర్ గారు చెప్పారు. ఆరోజు నుంచి షేర్లు చేతికొచ్చిన వారంలోనే అమ్మేసి లోను మీద వేస్తున్నాను. ధర పెరిగినప్పుడు కడుపు మండుతుంది, ఒప్పుకుంటాను.

ఇన్సూరెన్స్‌కి కూడా ఐదే. అమ్మానాన్నలిద్దరూ అందులో ఉంటారు. 2021లో నాన్నకి స్టెంట్ వేసినప్పుడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర కార్డు చూపించి రెండు సంతకాలు పెట్టాను, అంతే. నా పక్కన నిలబడినాయన ఫోనులో ఎవరినో ముప్పై వేలు అడుగుతున్నాడు, ఒకరు కాకపోతే ఇంకొకరు, వరసగా నాలుగు ఫోన్లు చేశాడు. ఉద్యోగం మానేద్దామని అనిపించిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఆ కౌంటరే.

తిండికి మూడున్నర. దోశ కౌంటర్ బావుంటుంది, పన్నెండున్నరలోపు వెళ్తే. పప్పులో పోపు ఉంటుంది గానీ ఉప్పూ కారం ఎవరికీ కోపం రాకుండా వేస్తారు, అన్ని రాష్ట్రాల వాళ్లూ తినాలి కదా. గురువారం ఆంధ్రా భోజనం, ఆ రోజు గోంగూర కోసం లైన్ లిఫ్టు దాకా వస్తుంది. నా డెస్కు సొరుగులో ఆవకాయ సీసా ఉంటుంది, నెల తిరక్కుండా ఖాళీ అవుతుంది, నేను తినేది అందులో పావు వంతు. కాఫీ మెషీన్లు ఫ్లోరుకి మూడు. అయినా అసలు కబుర్లన్నీ గేటు బయట టీ బండి దగ్గరే, ఎవరు మానేస్తున్నారు, ఏ టీమ్ ఎత్తేస్తున్నారు అనేది హెచ్ఆర్ కంటే ముందు ఆ బండి అన్నకి తెలుస్తుంది.

బ్యాడ్జీ రంగుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది ఎక్కువ కనపడేది తిండి దగ్గరే. పర్మనెంటు వాళ్లకి ఒక రంగు తాడు, కాంట్రాక్టు వాళ్లకి ఇంకో రంగు. మూడేళ్లు నా పక్క సీట్లో కూర్చుని నా కోడ్‌లో తప్పులు పట్టుకున్న టెస్టర్ది రెండో రంగు. యాన్యువల్ డే రోజు టీషర్టులు పంచుతుంటే ఆ అమ్మాయి తాడు చూసి "సారీ మేడమ్" అన్నారు. నా టీషర్టు ఇస్తానంటే నవ్వేసి, "వద్దులే అక్కా, అది వేసుకుని మా ఆఫీసుకి వెళ్తే బావుండదు" అంది. మా ఆఫీసు అంటే తనకి జీతమిచ్చే ఏజెన్సీ. అప్పటిదాకా తను మా ఆఫీసు అంటే ఇదే అనుకున్నాను నేను. మా ఫ్లోరు శుభ్రం చేసే అక్క ఆ కాఫీ మెషీన్లు రోజుకు నాలుగుసార్లు తుడుస్తుంది, వాటిలో కాఫీ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

రాకపోకలకి రెండు. కూకట్‌పల్లి వైపు నుంచి మెట్రోలో అమీర్‌పేట వెళ్లి అక్కడ మారితే రాయదుర్గం దాకా హాయి, అది దిగిన తర్వాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. కంపెనీ క్యాబ్ ఉంది, చీకటి పడ్డాక ఆడవాళ్లు ఎక్కితే సెక్యూరిటీ మనిషి కూడా వస్తాడు, ఆ విషయంలో ఒక్క మాట అనడానికి లేదు. కానీ వాన పడిన రోజు ఏ క్యాబైనా బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర పడవే. గట్టి వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు కంపెనీలన్నీ ఒకేసారి వదలొద్దు, వంతులవారీగా పంపండి అని చెప్తారు. మా మేనేజర్ అది చదివి "అయితే మనం చివర్లో వెళ్దాం, ఈలోపు ఆ రివ్యూ అయిపోతుంది" అన్నారు.

ఇక అసలు పని. చిన్న చిన్న దుకాణాల వాళ్లు ఆన్‌లైన్లో అమ్ముకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ మాది. కొన్నవాళ్లకి వెళ్లే మెసేజ్‌లు మా టీమ్ నుంచి వెళ్తాయి. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "ఏమే, నాకు 'మీ ఆజ్ఞ బయలుదేరింది' అని వచ్చింది. నేనెవరికి ఆజ్ఞ ఇచ్చానే?" అంది. విజయవాడలో ఎవరో దుకాణం వాళ్ల దగ్గర కుక్కర్ రబ్బరు కొన్నదట. ఇంగ్లీషులో ఆర్డర్ అని ఉన్నదాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని ఆజ్ఞ చేశారు. వెతికితే ఇంకా ఉన్నాయి: మీ ఆజ్ఞ నిర్ధారించబడినది, మీ ఆజ్ఞ రద్దు చేయబడినది. కుక్కర్ రబ్బరు కోసం యమధర్మరాజు సభలో నిలబడినట్టుంది. ఐదు నిమిషాల పని కదా, నేనే మార్చేస్తానులే అమ్మా అన్నాను.

ఆ మాట అన్నది జులైలో. ఫైలు తెరిస్తే అది మాది కాదు, అనువాదాల టీమ్‌ది. వాళ్లకి టికెట్, అంటే ఇది మార్చండని సిస్టమ్‌లో ఒక అర్జీ, పెట్టాను. నాలుగు రోజుల తర్వాత, ఆ పదం పదకోశం నుంచి వస్తుంది, పదకోశం లాక్ అయి ఉంది, మార్చాలంటే భాషా నిపుణుల ఆమోదం కావాలి అని జవాబు. నాది తెలుగే, పుట్టింది తెనాలిలో, మా ఆఫీసులో కళ్లు మూసుకుని రాయి విసిరితే ఒక తెలుగు మనిషికే తగులుతుంది అని కాస్త మర్యాదగా రాశాను. మీకు తెలుగు వచ్చినందుకు సంతోషం, అయితే సిస్టమ్‌లో మీరు భాషా నిపుణులుగా నమోదై లేరు అన్నారు. నిపుణులు బయటి ఏజెన్సీలో ఉంటారు, వాళ్లకి పని పంపాలంటే బడ్జెట్ కోడ్ కావాలి, ఆ కోడ్ మా డైరెక్టర్ దగ్గర, ఆయన అమెరికాలో. ఆయన ఒప్పుకున్నాక లీగల్ వాళ్లు లేచారు, నిబంధనల పేజీలో కూడా ఆజ్ఞ అనే ఉందట, రెండుచోట్లా ఒకేసారి మారాలట. అంతా అయ్యేసరికి పండగ సీజన్ వచ్చింది, దసరా నుంచి దీపావళి దాకా లైవ్ సిస్టమ్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఆ తర్వాత ఒక శాతం మందికి, పది శాతం మందికి, సగం మందికి, చివరికి అందరికీ. రెండక్షరాలు తీసి మూడక్షరాలు పెట్టడానికి పదిహేడు వారాలు. ఈలోపు అమ్మ ఇంకో కుక్కరే కొనేసింది.

ఇది చెప్తే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, కానీ ఆ అడ్డంకుల్లో ఒక్కటీ తిక్కతో పెట్టింది కాదు. అంతకు రెండేళ్ల ముందు ఎవరో తొందరపడి ఇంకో భాషలో ఒక వాక్యం సరిచేస్తూ, కొన్నవాళ్ల పేరు రావలసిన చోట ఒక బ్రాకెట్ చెరిపేశారు. ఒక పూటంతా లక్షల మందికి పేరు బదులు కోడ్ ముక్క వెళ్లింది. పాత కంపెనీలో నేను తప్పు చేస్తే ఒక క్లయింటు తిట్టేవాడు. ఇక్కడ ఏదైనా తప్పు జరిగితే ఎన్ని దేశాల్లో జరుగుతుందో ముందు లెక్క వేయాలి. ఆ భయం మొదటి రెండేళ్లలో చాలా నేర్పింది: టెస్టులు ఎలా రాయాలి, మార్పుని వెనక్కి తీసుకునే దారి ముందే ఎలా పెట్టుకోవాలి, ఇంకొకరి కోడ్ ఎలా చదవాలి. నేర్చుకోవడానికి ఐదు స్టార్లు ఇవ్వొచ్చు, మొదటి మూడేళ్లకి. తర్వాత కొత్త విద్య తక్కువ, ఎవరి దగ్గర ఆమోదం తీసుకోవాలో తెలియడమే విద్య అవుతుంది. ఇప్పుడు నా వారంలో కోడ్ రాసేది మహా అయితే ఒక రోజు. మిగతాది డాక్యుమెంట్లు, కామెంట్లు, ఆ కామెంట్లకి కామెంట్లు.

నిజానికి ఈ రివ్యూ ఎందుకు రాస్తున్నానంటే ఈ కింది పేరా కోసం. జీతం, తిండి, పని ఒత్తిడి గురించి అందరూ రాస్తారు. హైదరాబాద్ నుంచి పనిచేయడం అంటే ఏమిటో తక్కువ మంది రాస్తారు. పని ఇక్కడ, ఆజ్ఞలు అక్కడ. పేరుకి మా టీమ్ ఆ సిస్టమ్‌కి ఓనర్. ఒకసారి ఐదు నెలలు ఆరుగురం కూర్చుని ఒక కొత్త సర్వీస్ కట్టాం, ఇంకో మూడు వారాల్లో లైవ్. ఒక గురువారం పొద్దున్నే బాబుకి పాలు కలుపుతూ ఫోను తెరిస్తే నలభై మూడు మెయిళ్లు. మొదటి మెయిల్లో ఎవరో, ఇది ఇప్పుడు అవసరమా అని అడిగారు. ఇరవయ్యో మెయిల్ దగ్గర వాదన ముదిరింది. నలభై రెండులో వద్దని తేలింది. నలభై మూడు, అందరికీ ధన్యవాదాలు. అది మొదలైనప్పుడు మాకు రాత్రి పదకొండున్నర, ముగిసేసరికి తెల్లవారుజాము నాలుగు. కట్టిన ఆరుగురిలో ఒక్కరి మాట కూడా ఆ నలభై మూడులో లేదు. ఎవరికీ మా మీద కోపం లేదు, చిన్నచూపు కూడా లేదు, అడగడానికి మేం మెలకువగా లేం, అంతే. అప్పుడు అర్థమైంది రాత్రి మీటింగులకి ఎందుకంత మంది కళ్లు నులుముకుంటూ కూర్చుంటారో. ఆ మీటింగులో చెప్పేది ఏమీ ఉండదు. లేని పూట మన పని పోతుందేమోనని కూర్చుంటాం.

ఆ మీటింగు ఎండాకాలం రాత్రి తొమ్మిదికి, చలికాలం పదికి. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుకుంటారు, వాళ్ల ఎనిమిదిన్నర వాళ్లకి మారదు, మా రాత్రి భోజనం మారుతుంది. మా వాడికి ఐదేళ్లు. కాలింగ్ బెల్ లాంటి ఆ మీటింగు శబ్దం వినగానే "అమ్మా, నీ అమెరికా వాళ్లొచ్చారు" అని వాడే గది తలుపు వేస్తాడు. వాడు పుట్టినప్పుడు చట్టం ప్రకారం ఇరవై ఆరు వారాల సెలవు ఇచ్చారు, ఒక్క ఫోను కూడా చేయలేదు, ఆ మర్యాద ఒప్పుకోవాలి. తిరిగొచ్చిన మొదటి రోజే రాత్రి తొమ్మిదికి క్యాలెండర్లో ఉంది.

ఆన్-కాల్ సంగతి చెప్పకపోతే నిద్రకి ఒక్క స్టారే ఎందుకిచ్చానో అర్థం కాదు. ఎనిమిది వారాలకోసారి ఒక వారం ఫోను మన దిండు పక్కన ఉండాలి, మోగితే పదిహేను నిమిషాల్లో అందుకోవాలి, లేదంటే మేనేజర్‌కి మోగుతుంది. ఒక మే నెలలో నా వారం, చిన్నాన్న కూతురి పెళ్లి ఒకేసారి పడ్డాయి. వారం మార్చుకుందామంటే మిగతావాళ్లకీ పెళ్లిళ్లే. పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ల్యాప్‌టాప్ పట్టుకుని తెనాలి వెళ్లాను. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. మనవాళ్ల పంతులు గారు పెట్టిన ఆ ముహూర్తం అమెరికా పశ్చిమ తీరంలో సరిగ్గా మధ్యాహ్నం 1:44, మా సిస్టమ్ మీద జనం తెగబడే వేళ.

ఒంటిగంటా యాభైకి మోగింది. పెళ్లికూతురి గదిలో తాంబూలం సంచుల మధ్య కూర్చుని చూస్తే సిగ్నల్ ఒక గీత. మండపం వెనక జనరేటర్ పక్కన మూడు గీతలు వచ్చాయి. అక్కడ బోర్లించిన బకెట్ మీద పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తుకుని కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన గాడిపొయ్యి, వంటవాళ్లు తెల్లవారి టిఫిన్‌కి ఉల్లిపాయలు తరుగుతున్నారు, నా కళ్లలో నీళ్లు సగం వాటివల్లే. డేటాబేస్‌కి కనెక్షన్లు అయిపోతున్నాయి, ఆ సాయంత్రం పెట్టిన ఒక మార్పు వెనక్కి తీయాలి, తీయడానికి ఇంకొకరు ఆమోదించాలి, ఆ ఇంకొకరు లంచ్‌లో ఉన్నారు. వంట మేస్త్రి టీ గ్లాసు తెచ్చిచ్చి "లోపల జీలకర్ర బెల్లం పెడుతున్నారు, నువ్విక్కడ టైపు కొడుతున్నావేంటమ్మా" అన్నాడు. పిన్ని వెతుక్కుంటూ వచ్చి కంగారుగా "ఎవరికి ఒంట్లో బాలేదే?" అంది. ఎవరికీ కాదు పిన్నీ, సర్వర్‌కి అన్నాను. పిన్ని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. యాభై నిమిషాల తర్వాత అంతా సర్దుకుంది, లోపలికి వెళ్లేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. ఆల్బమ్‌లో నేను ఒకే ఒక్క ఫోటోలో ఉన్నాను, భోజనాల దగ్గర, చేతిలో ఫోనుతో. దీనికి అదనంగా ఇచ్చేది ఏమీ లేదు. సోమవారం కాస్త ఆలస్యంగా రావచ్చన్నారు. ఆ ఘటన మీద ఐదు పేజీల డాక్యుమెంటు రాయమని కూడా అన్నారు, అది సోమవారం మధ్యాహ్నానికి.

రేటింగుల విషయం. ఉద్యోగులని ఒకరి కింద ఒకరిని పేర్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్లో ఎత్తేసింది, ఆ తర్వాత ఆ మాట పైకి అనడం చాలా కంపెనీలు మానేశాయి. మా దగ్గరా ర్యాంకులు లేవు. ఏడాదికోసారి మేనేజర్లందరూ ఒక గదిలో కూర్చుని, ఎవరికి ఎంత అని తేల్చుకుంటారు, అంతే. ఆ గదిలో మనం ఉండం, మన తరఫు వకీలు మన మేనేజర్. ఆయన గట్టిగా మాట్లాడే రకమైతే సరే. నాకు ఏడేళ్లలో ఐదుగురు మేనేజర్లు మారారు, నాలుగోవారికి నా పని అర్థమయ్యేలోపే ఆయన వేరే టీమ్‌కి వెళ్లిపోయారు. ఆ ఏడాది నేను నాలుగు నెలలు కష్టపడి, వారానికి ముప్పైసార్లు మోగే అలారాన్ని నాలుగుకి తగ్గించాను. బావుంది కానీ దీని ఇంపాక్ట్ ఎలా చూపిద్దాం అన్నారు. మోగని అలారాన్ని ఎలా చూపిస్తాం? అదే క్వార్టర్లో పక్క టీమ్‌లో పెద్ద మంట పెట్టి, రెండు రాత్రులు మేల్కొని తనే ఆర్పినతనికి అవార్డు వచ్చింది. మంచివాడే పాపం, పార్టీ కూడా ఇచ్చాడు.

2022 చివర నుంచి వాతావరణం మారింది. నవంబర్లో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో అమెజాన్ 18,000, గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. ఆ సీజన్లోనే మా దాంట్లోనూ జరిగింది. పొద్దున ఆరింటికి మెయిల్. ఎవరు పోయారో చెప్పరు, చాట్‌లో పేర్లు బూడిదరంగులోకి మారితే మనమే తెలుసుకోవాలి. మా టీమ్‌లో ఇద్దరు. ఒకతను ముందు రోజు సాయంత్రం నా కోడ్ మీద "రేపు మాట్లాడదాం" అని కామెంట్ పెట్టాడు. ఆ కామెంట్ ఇప్పటికీ తెరిచే ఉంది, మూసేయాలంటే అతనే మూయాలి. అతని డెస్కు మీద స్టీలు సీసా, మనీప్లాంటు, కొడుకు బొమ్మ వేసిన కప్పు వారం రోజులున్నాయి, తర్వాత సెక్యూరిటీ వాళ్లు అట్టపెట్టెలో సర్ది తీసుకెళ్లారు. డబ్బు పరంగా బాగానే ఇచ్చి పంపారు, అది నిజం. కానీ ఎందుకు అతను, ఎందుకు నేను కాదు అన్నదానికి నా మేనేజర్ దగ్గర కూడా జవాబు లేదు, ఆయనకీ లిస్టు మాతో పాటే తెలిసింది. అదీ అక్కడినుంచే వచ్చింది, మేం పడుకున్నప్పుడే. ఆన్-కాల్ ఎనిమిది వారాలకోసారి వచ్చేది ఆరు వారాలకి వచ్చింది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆ వారమే మా దూరపు బాబాయి, "మా వాడి రెజ్యూమె పంపించానమ్మా, కాస్త నీ కంపెనీలో చూడు" అని మెసేజ్ పెట్టారు. రిఫరల్ అంటే రెజ్యూమె ఎవరో ఒకరు తెరిచి చూస్తారనే తప్ప ఉద్యోగం ఇప్పించడం కాదని వంద మందికి చెప్పి ఉంటాను, ఆరోజు మాత్రం "అలాగే బాబాయ్" అన్నాను.

మరి చేరాలా వద్దా అంటే, కాలేజీ నుంచి వస్తున్నవాళ్లూ, సర్వీస్ కంపెనీలో మూడు నాలుగేళ్లు చేసినవాళ్లూ, వస్తే చేరండి, ఆలోచించకండి. డబ్బు, నేర్చుకునేది, పేరు, మూడూ నిజమే. పెళ్లి సంబంధాల్లో కంపెనీ పేరు వినగానే అవతలి వాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు క్యాంటీన్ గురించి అడగకండి. ఈ టీమ్ చేసేదాని మీద ఆఖరి మాట ఎవరిది, ఆయన ఏ ఊళ్లో ఉంటారు, రాత్రి మీటింగులు వారానికెన్ని, ఆన్-కాల్‌లో ఎంతమంది ఉన్నారు, ఈ నాలుగూ అడగండి. ఆఖరి మాట హైదరాబాద్‌లోనే ఉన్న టీములు కూడా ఉన్నాయి, తక్కువే గానీ ఉన్నాయి, మా పై ఫ్లోర్లోనే ఒకటుంది. వాళ్లు ఆరున్నరకి క్యాబ్ ఎక్కడం కిటికీలోంచి కనిపిస్తుంది. రెండుసార్లు అటు మారడానికి ప్రయత్నించాను, ఖాళీలు రావు, అక్కడినుంచి ఎవరూ కదలరు.

నలభై దాటి, అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లల చదువులు నెత్తిన ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు, నేనే ఇంకా తేల్చుకోలేదు. మొత్తం మీద మూడున్నర స్టార్లు. బిల్లింగ్ కౌంటర్ గుర్తొస్తే నాలుగు, జనరేటర్ పక్కన బకెట్ గుర్తొస్తే రెండున్నర.

అన్నట్టు, పోయిన నెల అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. అనువాదాల టీమ్ కొత్త ఏజెన్సీకి మారిందట, పదకోశం మొత్తం కొత్తగా వేశారట. ఇప్పుడు "మీ ఆదేశం బయలుదేరింది" అని వస్తోంది. టికెట్ పెట్టాను. ప్రాధాన్యం నాలుగు, అంటే అట్టడుగు. నిన్న పొద్దున లేచి చూస్తే జవాబు వచ్చి ఉంది, రాత్రి రెండున్నరకి: మీకు తెలుగు వచ్చినందుకు సంతోషం.